పాలసీ అమ్మకం కూడా అమానతే



ఈ వార్షిక సంచికలో మనం సాధారణంగా చదువుల గురించి, వైద్య సాయం గురించి, జకాత్ పంపిణీ గురించి రాసుకుంటాం. ఈసారి జీవిత బీమా అమ్మకంలో పాటించవలసిన నీతి, చట్టం గురించి రాస్తున్నాం. ధర్మ సంస్థకు బీమా ఏజెంట్లతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. మీరిచ్చే సొమ్ములో కొంత భాగం భర్త పోయిన స్త్రీలకు, తండ్రి లేని పిల్లలకు వెళ్తుంది. ఆ ఇళ్లలో చాలాచోట్ల బీరువాలో బట్టల కింద ఒక పాలసీ బాండు ఉంటుంది. సంపాదించే మనిషి బతికి ఉన్నప్పుడు ఎన్నో కిస్తులు కట్టి ఉంటాడు. తీరా అవసరం వచ్చిన రోజున ఆ బాండు అక్కరకు రాదు.

ఎందుకు రాదు? కారణాలు తిప్పి తిప్పి చూస్తే ఐదే. కిస్తులు ఆగిపోయి పాలసీ ల్యాప్స్ అయి ఉంటుంది. జబ్బు ఉన్న సంగతి ఫారంలో రాసి ఉండదు. ఏజెంటు చేతికిచ్చిన డబ్బు కంపెనీకి చేరి ఉండదు. పెళ్లికి ముందు రాయించిన నామినీ పేరే ఇంకా ఉంటుంది. లేదా తీసుకున్నది ఒక పాలసీ, తీసుకున్నామని అనుకున్నది మరొకటి అయి ఉంటుంది. ఈ ఐదింటిలో ఏదీ మనిషి పోయిన రోజున పుట్టినది కాదు. వాటిలో ఎక్కువ భాగం పాలసీ అమ్మిన రోజునే పుట్టింది. అమ్మకం సరిగా జరిగి ఉంటే ఆ కుటుంబం మన దగ్గరికి దరఖాస్తుతో రావలసిన అవసరమే తగ్గేది. కాబట్టి ఇది మన విషయమే.

మన ప్రాంతం, మన జీవనం

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న విడిపోయి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ తదితర జిల్లాలయ్యాయి. జిల్లాలు మారినా బతుకుతెరువు మారలేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిర్మల్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు, దుబాయి, సౌదీ, కువైట్ పోయిన మగవాళ్లు. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి వైపు బొగ్గు బావుల మీద, వాటి చుట్టూ ఉన్న చిన్న పనుల మీద బతికేవాళ్లు. ప్రతి పట్టణంలో మెకానిక్ షెడ్డు, హోటలు, పండ్ల బండి, లారీ డ్రైవింగు. నెల జీతం, పింఛను ఉన్నవాళ్లు కొద్దిమందే. ఇంటికి ఒక్కరి సంపాదనే ఆధారం. ఆ ఒక్కరు పోతే ఆ నెలే పొయ్యి ఆగుతుంది.

బీమా అనే మాట ఈ గడ్డకు కొత్త కాదు. నిజాం కాలంలో 1907లోనే ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాల కోసం ఒక నిధి మొదలైంది. నేడు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో కోతపడే ప్రభుత్వ జీవిత బీమాకు మూలం అదే. 1956 సెప్టెంబరు 1న దేశంలోని 245 బీమా సంస్థలను కలిపి ఎల్‌ఐసీ ఏర్పడింది. 1999లో బీమా నియంత్రణ చట్టం వచ్చాక 2000 నుంచి ప్రైవేటు కంపెనీలు మళ్లీ ప్రవేశించాయి. వీటన్నిటినీ అదుపులో ఉంచే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. ఎల్‌ఐసీకి కరీంనగర్‌లో డివిజన్ కార్యాలయం ఉంది. అంటే అడగవలసిన చోటు దూరంలో లేదు. ఏం అడగాలో తెలియకపోవడమే సమస్య.

ముందుగా ధర్మసందేహం

బీమా తీసుకోవచ్చా అన్న ప్రశ్న మన పాఠకులలో చాలామందికి మొదట వస్తుంది. వడ్డీ, అనిశ్చితి, జూదపు పోలిక అనే మూడు అభ్యంతరాలను పండితులు చెబుతారు. 1985లో జిద్దాకు చెందిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వ్యాపార బీమాను నిషిద్ధమని, పరస్పర సహకార పద్ధతిలో నడిచే బీమా సమ్మతమని తీర్మానించింది. ఆ సహకార పద్ధతినే తకాఫుల్ అంటారు. 1979లో సూడాన్‌లో మొదటి ఇస్లామీ బీమా కంపెనీ వచ్చింది. మలేషియా 1984లో దానికోసం చట్టమే చేసింది. మన దేశంలో తకాఫుల్‌కు ప్రత్యేక చట్టం లేదు. ఇక్కడి ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా అవసరం మేరకు అనుమతించిన ఆలిములు ఉన్నారు, అనుమతించనివారూ ఉన్నారు.

ఈ వ్యాసం ఫత్వా కాదు. ఆ నిర్ణయం ప్రతి ఒక్కరూ తాము నమ్మే ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తీసుకోవలసినది. అయితే ఒక్క మాట చెప్పగలం. తీసుకునేవారు తీసుకుంటూనే ఉన్నారు, అమ్మేవారిలో మన పిల్లలు కూడా ఉన్నారు. అమ్మకంలో అబద్ధం మాత్రం ఏ అభిప్రాయం ప్రకారమూ సమ్మతం కాదు. గిరాకీ కోసం మామూలు పాలసీని "ఇది హలాల్ పాలసీ, ముఫ్తీ సాబ్ ఒప్పుకున్నారు" అని చెప్పడం అన్నిటికన్నా పెద్ద అబద్ధం. అలా చెప్పినవారిని ఎవరి ఫత్వా, ఎక్కడ రాసి ఉంది, చూపించమని అడగండి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూడగా లోపల తడి తగిలిన సంఘటన మనందరికీ తెలిసినదే. వాన తడిపిందని అమ్మకందారు చెబితే, ఆ తడిసిన దాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. బీమా అమ్మకంలోని నీతి అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పాలసీలో తడి ఎక్కడుందో ఏజెంటు పైన పెట్టి చూపించాలి.

ఏజెంటు అంటే చట్టం దృష్టిలో ఎవరు

ఏజెంటు కావాలంటే కనీసం పదో తరగతి పాసై, శిక్షణ పొంది, నిర్ణీత పరీక్ష రాసి, కంపెనీ నుంచి నియామకం పొందాలి. ఒక వ్యక్తి ఒక జీవిత బీమా కంపెనీకి మాత్రమే ఏజెంటుగా ఉండవచ్చు. 2016 నాటి ఏజెంట్ల నియామక నిబంధనలలో వారి ప్రవర్తనా నియమావళి ఉంది. అందులోని ముఖ్యమైన మాటలు ఇవి: ఏజెంటు తానెవరో, ఏ కంపెనీ తరఫున వచ్చాడో చెప్పాలి. అడిగితే గుర్తింపు కార్డు చూపాలి. మనిషి అవసరాన్ని బట్టి పాలసీ సూచించాలి. అడిగితే తనకు వచ్చే కమిషన్ ఎంతో చెప్పాలి. ప్రీమియం ఎంతో, ఎన్నేళ్లో స్పష్టం చేయాలి. ప్రతిపాదన ఫారంలో అడిగే ప్రశ్నల ప్రాముఖ్యం వివరించాలి. పాలసీదారుకు నామినీ నమోదులో, చిరునామా మార్పులో, క్లెయిములో సాయపడాలి.

ఈ జాబితాలో కమిషన్ సంగతి చాలామందికి కొత్తగా వినిపిస్తుంది. ఏజెంటు కమిషన్ తీసుకోవడం తప్పు కాదు, అది అతని కూలి. ఎండలో తిరిగి, కాగితాలు మోసి, పదిసార్లు ఇంటికి వచ్చినందుకు దక్కే హక్కు. చిక్కు మరొక చోట ఉంది. ఎక్కువ ప్రీమియం ఉన్న దీర్ఘకాలిక పాలసీకి మొదటి ఏడాది కమిషన్ ఎక్కువ, తరవాత తగ్గుతుంది. తక్కువ ప్రీమియం ఉన్న టర్మ్ పాలసీకి వచ్చేది తక్కువ. కాబట్టి కొనేవాడి లాభం, అమ్మేవాడి లాభం ఒకే వైపు ఉండకపోవచ్చు. ఆ సంగతి తెలిసి కూడా కొనేవాడి వైపు నిలబడటమే ఏజెంటు నీతి.

సరైన అమ్మకం ఎలా ఉంటుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. సౌదీలో డ్రైవరుగా రెండేళ్ల కాంట్రాక్టు మీద పోతున్న ఒక యువకుడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. వీసాకు అప్పు చేశాడు. అతనికి ఏజెంటు ఇరవై ఏళ్ల పొదుపు పాలసీ అమ్మాడు. ఏడాదికి 24,000 రూపాయల కిస్తు, బీమా మొత్తం దాదాపు ఐదు లక్షలు. కాంట్రాక్టు రెండేళ్లకే ముగిసి మనిషి తిరిగొస్తే మూడో కిస్తు ఎక్కడి నుంచి వస్తుంది? పొదుపు పాలసీని తొలి ఏళ్లలో వదిలేస్తే నష్టం భారీగా ఉంటుంది. 2019 నాటి నిబంధనల ప్రకారం రెండో ఏట సరెండర్ చేస్తే హామీగా వచ్చేది కట్టిన ప్రీమియంలో 30 శాతమే. అంటే 48,000 కట్టినవాడికి హామీ 14,400 మాత్రమే. 2024 అక్టోబరు నుంచి కొత్త పాలసీలకు నియమాలు కొంత మెరుగై, ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టాక కూడా కొంత సరెండర్ విలువ దక్కుతోంది. అయినా మధ్యలో వదిలేయడం నష్టమే.

ఇక్కడ నిజాయితీ గల ఏజెంటు ముందు మూడు ప్రశ్నలు అడుగుతాడు. నీవు లేకపోతే ఇంటికి ఎంత కావాలి? అప్పు ఎంత? కిస్తు ఎన్నేళ్లు తప్పకుండా కట్టగలవు? ఆ జవాబులు విన్నాక అతనికి కావలసింది పొదుపు కాదు, రక్షణ అని తేలవచ్చు. టర్మ్ పాలసీలో గడువు దాకా బతికి ఉంటే డబ్బు తిరిగి రాదు, కానీ చిన్న కిస్తుతో పెద్ద మొత్తానికి రక్షణ దొరుకుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించి, ఎంపిక అతనికే వదిలేయాలి.

లాభం లెక్క చెప్పేటప్పుడు కూడా పద్ధతి ఉంది. బోనసు మీద ఆధారపడిన పాలసీల్లో వచ్చే మొత్తాన్ని 4 శాతం, 8 శాతం అనే రెండు ఊహా రేట్లతో కంపెనీ ముద్రించిన పట్టికలోనే చూపాలి. ఆ రెండూ ఊహలే, హామీలు కావు. ఏజెంటు తెల్ల కాగితం మీద పెన్నుతో రాసి "ఇంత ఖాయం" అన్నది ఎక్కడా చెల్లదు. ముద్రిత పట్టిక ఇవ్వమని అడగండి, దాని మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి.

భాష సంగతి మరీ ముఖ్యం. మన ఇళ్లలో ఉర్దూ మాత్రమే చదవగల పెద్దవాళ్లు, తెలుగు మాట్లాడగలిగినా చదవలేని ఆడవాళ్లు ఉన్నారు. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. "ఆపా, ఇక్కడ ఒక సంతకం, ఇక్కడ ఒక సంతకం" అంటూ ఐదు నిమిషాల్లో పని ముగించడం అమ్మకం కాదు. వేలిముద్ర వేసినా, మాతృభాషలో సంతకం చేసినా, ఫారంలోని విషయాలు వారికి అర్థమయ్యే భాషలో వివరించామని మరొకరు ధ్రువీకరించే చోటు ఫారంలో ఉంటుంది. ఆ ధ్రువీకరణ ఒక సాక్ష్యం. చెప్పకుండానే చెప్పామని రాయడం అబద్ధపు సాక్ష్యం. అప్పు లావాదేవీని రాసి పెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని చెప్పే ఆయత్ ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. రాతలో స్పష్టతకు మన దీన్ ఇచ్చిన విలువ అది.

"మొదటి కిస్తు నేను కడతా భాయ్"

మన పట్టణాల్లో అందరికీ అలవాటైన మాట ఇది. ఏజెంటు తన కమిషన్‌లో కొంత వదులుకుని పాలసీ చేయిస్తాడు. ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ ఇది స్నేహంలా, తగ్గింపు బేరంలా కనిపిస్తుంది. 1938 బీమా చట్టం 41వ సెక్షన్ దీన్ని నిషేధించింది. కమిషన్‌లో వాటా ఇవ్వడం, ప్రీమియంలో తగ్గింపు ఆశ చూపడం, అలాంటి తగ్గింపు తీసుకోవడం అన్నీ తప్పే. ఒకప్పుడు జరిమానా ఐదు వందల రూపాయలు. 2015 సవరణతో అది పది లక్షల రూపాయల దాకా పెరిగింది.

ఇంత కఠినంగా ఎందుకు? మొదటి కిస్తు ఉచితంగా వచ్చిన పాలసీ అవసరం చూసి తీసుకున్నది కాదు. రెండో ఏడాది కిస్తు వచ్చేసరికి అది బరువవుతుంది. కమిషన్ అంతా వదులుకున్న ఏజెంటుకు కూడా ఆ ఇంటికి మళ్లీ రావడంలో లాభం లేదు. గడువు తేదీ తర్వాత వార్షిక, అర్ధ వార్షిక, త్రైమాసిక కిస్తులకు 30 రోజులు, నెలవారీ కిస్తులకు 15 రోజులు అదనపు గడువు ఉంటుంది. అదీ దాటితే పాలసీ ల్యాప్స్. ఆ తర్వాత మనిషికి ఏదైనా అయితే కుటుంబం చేతిలో ఉండేది ఉత్త కాగితమే. నీతిగా పని చేసి పూర్తి ప్రీమియం అడిగే ఏజెంటుకు కూడా దీనివల్ల గిరాకీ పోతుంది.

"షుగర్ రాయకండి, ప్రీమియం పెరుగుతుంది"

ఇది మరీ ప్రమాదకరమైన మాట. షుగర్, బీపీ, గుండె జబ్బు, టీబీ, గుట్కా, సిగరెట్ అలవాటు, గతంలో జరిగిన ఆపరేషన్, ఉన్న ఇతర పాలసీలు, నిజమైన వయసు, ఆదాయం ఇవన్నీ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఏజెంటుకు తెలిసిన చెడు అలవాట్లు, ఆదాయంలో తేడాలు కూడా అతను కంపెనీకి తెలియజేయాలని నియమావళి చెబుతోంది. తప్పు సమాచారం రాయించడం నిషిద్ధం.

బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ జారీ అయిన తేదీ, రిస్కు మొదలైన తేదీ, పునరుద్ధరించిన తేదీ, రైడర్ చేర్చిన తేదీ, వీటిలో చివరిదాని నుంచి మూడేళ్లు గడిచాక ఏ కారణంతోనూ కంపెనీ పాలసీని ప్రశ్నించరాదు. మూడేళ్ల లోపు మాత్రం ప్రశ్నించవచ్చు. కావాలని మోసం చేయకుండా కేవలం ముఖ్య విషయం దాచినందుకు పాలసీ రద్దయితే, కట్టిన ప్రీమియాలు 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మోసమని తేలితే ఆ ఆశ కూడా లేదు. ఆసుపత్రి పాత చీటీలు, మందుల షాపు బిల్లులు అప్పుడు బయటికి వస్తాయి.

దీన్ని అలుసుగా తీసుకుని "మూడేళ్లు గడిస్తే ఏమీ చేయలేరు, దాచెయ్యండి" అని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. చావు మూడేళ్లు ఆగి వస్తుందని ఎవరు హామీ ఇచ్చారు? ఇంకొక సంగతి కూడా గమనించాలి. ల్యాప్స్ అయిన పాలసీని పునరుద్ధరిస్తే ఆ మూడేళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇది పునరుద్ధరణ ఫారం మీద సంతకం చేయించే రోజునే చెప్పవలసిన విషయం. జబ్బు రాస్తే ప్రీమియం కొంత పెరగవచ్చు, పాలసీ దొరకకనూ పోవచ్చు. అది బాధే. కానీ దొరికిందనుకున్న రక్షణ అవసరానికి లేకుండా పోవడం అంతకన్నా పెద్ద బాధ, అది భార్యాపిల్లలు పడాల్సిన బాధ.

చేతికిచ్చిన డబ్బు

బీడీ కార్ఖానాకు పోయి వచ్చే ఆడవాళ్లు నెలనెలా రెండు మూడు వందలు తెలిసిన ఏజెంటు చేతిలో పెట్టి, అతని చిన్న డైరీలో రాయించుకునే అలవాటు ఉంది. నమ్మకం మంచిదే, కానీ డైరీ రసీదు కాదు. ప్రీమియం ముందుగా అందనిదే కంపెనీకి బాధ్యత మొదలు కాదని బీమా చట్టం 64-విబి సెక్షన్ చెబుతోంది. కంపెనీ తరఫున ఏజెంటు ప్రీమియం తీసుకుంటే, బ్యాంకు, తపాలా సెలవులు మినహాయించి 24 గంటల్లోగా జమ చేయాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. నెల రోజులు జేబులో తిప్పుకోవడం చట్ట విరుద్ధం. పైగా అది అమానత్‌లో ఖియానత్.

కాబట్టి కంపెనీ రసీదు గానీ, ఫోనుకు కంపెనీ నుంచి వచ్చిన సందేశం గానీ ఉంటేనే కట్టినట్టు. వీలైతే బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్టాలి. పాలసీలో ఏజెంటు ఫోను నంబరు కాకుండా పాలసీదారు నంబరే ఉండాలి. లేకపోతే గుర్తు చేసే సందేశాలన్నీ వేరేవారికి పోతాయి.

ఇదే కోవలో మరికొన్ని నిషేధాలు ఉన్నాయి. పాత పాలసీని మాన్పించి కొత్తది చేయించడం. క్లెయిము డబ్బులో వాటా అడగడం. బీమాను గొలుసుకట్టు పథకంగా మార్చడం. బ్యాంకులో డిపాజిట్ చేయడానికి పోయిన వృద్ధుడికి పాలసీ అంటగట్టడం, అప్పు కావాలంటే బీమా తప్పదని బెదిరించడం కూడా అనుచితమే. ఇక "ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాలసీకి బోనసు వచ్చింది, ముందు ఇంత కట్టండి" అని వచ్చే ఫోన్లు మోసం. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనసులు ప్రకటించదు.

నామినీ, వారసుడు ఒకరేనా

మన సమాజంలో అన్నిటికన్నా ఎక్కువ కలహాలు తెచ్చేది ఈ ప్రశ్న. పెళ్లికి ముందు పాలసీ తీసుకున్న యువకుడు నామినీగా అన్న పేరో, తండ్రి పేరో రాయిస్తాడు. నిఖా అయి పిల్లలు పుట్టినా ఆ పేరు అలాగే ఉంటుంది. మనిషి పోయాక చెక్కు అన్న పేరు మీద వస్తుంది. అక్కడి నుంచి ఇంట్లో మాటలు ఆగిపోతాయి.

1983లో సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు నామినీ అంటే డబ్బు అందుకునే చేయి మాత్రమేనని, ఆ డబ్బు వారసులకు చెందుతుందని తీర్పు చెప్పింది. 2015 సవరణ తర్వాత 39వ సెక్షన్‌లో కొత్త మాట చేరింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలుగా ఉంటే వారే లబ్ధిదారులు అన్నది దాని సారాంశం. ఈ మాట వారసత్వ చట్టాన్ని మించిపోతుందా అన్న విషయంలో హైకోర్టుల అభిప్రాయం ఒక్కటిగా లేదు. అన్నదమ్ములు మాత్రం ఆ జాబితాలో లేరు. అన్న నామినీ అయితే ఆ డబ్బు అతని దగ్గర వారసుల అమానత్ మాత్రమే.

షరీఅత్‌లో వాటాలు స్పష్టంగా ఉన్నాయి. పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు, మిగిలినది కొడుకుకు రెండు, కూతురికి ఒకటి చొప్పున. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వారసులు కానివారికి మూడో వంతుకు మించని వసీయత్ తీరిన తర్వాతే ఈ పంపకం. పాలసీ సొమ్ములో ఏ భాగం తర్కాలోకి వస్తుందన్నది ఆలిములను అడగవలసిన ప్రశ్న. ఏజెంటు చేయవలసింది ఇంతే: అమ్మేటప్పుడు నామినీ అంటే ఏమిటో చెప్పాలి. నామినీ మైనరైతే డబ్బు అందుకునే పెద్దవారి పేరు రాయించాలి. నిఖా, పిల్లల పుట్టుక, తలాఖ్, నామినీ మరణం, వీటిలో ఏది జరిగినా ఒక ఫారం నింపి పేరు మార్పించాలి.

1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 6వ సెక్షన్ గురించి కూడా తెలిసి ఉండాలి. అది ముస్లింలకూ వర్తిస్తుంది. భార్య, పిల్లల మేలు కోసం అని పాలసీ మీద రాయించి ఆ సెక్షన్ కింద తీసుకుంటే అది వారి కోసం ట్రస్టు అవుతుంది. భర్త గానీ, సాధారణంగా అప్పులవాళ్లు గానీ దాన్ని ముట్టుకోలేరు. దీన్ని పాలసీ తీసుకునేటప్పుడే రాయించాలి. మన ఏజెంట్లలో దీన్ని చెప్పేవారు చాలా తక్కువ.

కమిషన్ లేని మాట కూడా చెప్పాలి

మంచి ఏజెంటును గుర్తించే పరీక్ష ఒకటుంది. తనకు పైసా రాని పథకం గురించి కూడా అతను చెబుతాడా? ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా 2015 మేలో మొదలైంది. 18 నుంచి 50 ఏళ్ల మధ్య చేరవచ్చు, 55 ఏళ్ల దాకా కొనసాగించవచ్చు. ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో మరణించినా రెండు లక్షలు. కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణం తప్ప ఇతర మరణాలకు వర్తించదు. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వారికి, ప్రమాద మరణానికి రెండు లక్షలు. రెండింటికీ డబ్బు బ్యాంకు ఖాతా నుంచే పోతుంది. మే నెలాఖరున ఖాతాలో ఆ డబ్బు లేకపోతే రక్షణ ఆగిపోతుంది.

గల్ఫ్ పోయేవారిలో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పది లక్షల రక్షణ. అయితే ఇది ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికే. ఎడారి ఎండలో పనిచేసి రాత్రి నిద్రలో గుండె ఆగి పోయిన మనిషి కుటుంబానికి ఆ పది లక్షలు రావు. ఈ తేడా పోయే ముందే తెలియాలి. ఆ పాలసీ కాగితం నకలు ఇంట్లో ఉండాలి. పట్టా భూమి ఉన్నవారు 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమాలో తమ నామినీ పేరు సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

పొరపాటు జరిగితే దారి

పాలసీ బాండు చేతికందిన రోజు నుంచి 30 రోజుల్లోగా నచ్చకపోతే తిరిగి ఇచ్చే హక్కు ఉంది. వైద్య పరీక్ష ఖర్చు, స్టాంపు ఖర్చు, ఆ కొద్ది రోజుల రిస్కు మొత్తం మినహాయించి మిగిలిన డబ్బు తిరిగి వస్తుంది. అందుకే బాండు వచ్చిన వారంలోనే చదువుకున్నవారితో చదివించుకోవాలి. పేరు, వయసు, కిస్తు, ఎన్నేళ్లు, నామినీ, జబ్బుల జవాబులు, ఈ ఆరింటిని చూస్తే చాలు.

ఫిర్యాదు ఉంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోవాలి. బీమా భరోసా కేంద్రానికి 155255 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్ మరొక దారి. విచారణ అవసరం లేని మరణ క్లెయిమును 15 రోజుల్లో, విచారణ కావాలంటే 45 రోజుల్లో తేల్చాలన్నది 2024 నాటి నియమం. ఈ గడువులు తెలిసిన స్త్రీని ఎవరూ ఆరు నెలలు తిప్పలేరు.

దాతలకు మనవి

మీలో దుకాణదారులు ఉన్నారు, కాంట్రాక్టర్లు ఉన్నారు, గల్ఫ్ నుంచి డబ్బు పంపేవారు ఉన్నారు. మీ దగ్గర పనిచేసేవారిని ఒక్క ప్రశ్న అడగండి: నీ పాలసీలో నామినీ ఎవరు, చివరి కిస్తు రసీదు ఎక్కడుంది? జవాబు తడబడితే పక్కన కూర్చోబెట్టి బాండు తెప్పించి చూడండి. మీ కొడుకో తమ్ముడో ఏజెంటుగా ఉంటే అతనికి ఈ సంచిక చదవమని ఇవ్వండి. అతని వృత్తి చిన్నది కాదు. సరిగా చేస్తే ఒక బేవా చెయ్యి చాచకుండా కాపాడే పని అది. జుమా తర్వాత మస్జిద్‌లలో అరగంట కేటాయించి బాండ్లు చదివి చెప్పగల యువకులు మొహల్లాకు ఇద్దరు దొరికినా చాలు.

సదఖా ఇచ్చి కన్నీరు తుడవడం పుణ్యం. ఆ కన్నీరు రాకుండా ముందే ఒక కాగితం సరిచేయించడం కూడా సదఖాయే. అల్లాహ్ మన సంపాదనలో నిజాయితీని, బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.